అవ్వ ఊపిరి

సరూర్‌నగర్ పాత ఊళ్లో, చెరువు కట్ట దిక్కు దిగే సందులో ముగ్గోళ్ల ఇల్లు ఏదంటే చిన్నపిల్లలు కూడా వేలు చూపిస్తారు. ఆ ఇంటి కోడళ్లను తెల్లవ్వ తీసుకుపోతుందన్న సంగతి కూడా వాళ్లకు తెలుసు. తెల్లవ్వ ఆ ఇంటి ఆడబిడ్డలను ముట్టుకోదు. మగవాళ్ల జోలికి రాదు. పుస్తెలతాడు కట్టించుకుని బయటి నుంచి లోపలికి వచ్చిన ఆడదాన్నే పట్టుకుంటుంది. పట్టుకున్నాక తొందరపడదు. గొంతు మీద ఒక్క వేలు ఆనించి, ఏటికేడు కొద్దికొద్దిగా నొక్కుతూ పోతుంది.

ఇప్పుడు ఆ వేలు అండాలమ్మ గొంతు మీద ఉంది.

మొదట మెట్ల దగ్గర తెలిసింది. డాబా మీద మిరపకాయలు ఎండబోసి దిగివచ్చేసరికి రొమ్ములో డప్పు కొట్టినట్టయింది. వయసు మీద పడుతోంది, ఇంతేలే అనుకుంది. తర్వాత నీళ్ల బిందె ఎత్తితే దమ్ము వచ్చింది. ఆ తర్వాత వట్టి చేతులతో సందు చివరిదాకా నడిచినా వచ్చింది. ఇప్పుడు తల దువ్వుకోవడానికి చెయ్యి పైకెత్తితే చాలు, సగం జుట్టులో దువ్వెన ఆపేసి, గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని కూర్చోవలసి వస్తోంది. మాట కూడా ఒక్క దమ్ములో పూర్తికావడం లేదు. "ఉప్పు" అన్నాక ఆగి, కాసేపటికి "తే" అంటుంది.

ముగ్గోళ్లన్నది ఆ ఇంటికి పని వల్ల వచ్చిన పేరు. సాగర్ రోడ్డు అవతల ఎక్కడో మిల్లులో పలుగురాళ్లను పొడిచేసి బస్తాల్లో పంపిస్తారు. ఆ పొడిని ఇంట్లో జల్లించి పొట్లాలు కడితే, అండాలమ్మ పెనిమిటి బక్కయ్య, కొడుకు క్రాంతి కుమార్ ట్రాలీ ఆటోలో వేసుకుని వనస్థలిపురం నుంచి బడంగ్‌పేట్ దాకా కాలనీలన్నీ తిరిగి అమ్ముకొస్తారు. "ముగ్గమ్మా ముగ్గు, ఎన్నెల లెక్క మెరిసే ముగ్గు" అని మైకులో బక్కయ్య గొంతు వీధి వీధినా మోగుతుంది. అందులో అబద్ధం లేదు. ఆ ముగ్గు పొద్దుటెండలో మిలమిలలాడుతుంది. పలుగురాయి మరి.

జల్లెడ పట్టడం మాత్రం కోడలి వంతు. దానికి ఇంటి వెనకాల ఒక అర్ర ఉంది. రేకుల కప్పు, ఒకే తలుపు. ఉన్న ఒక్క కిటికీకీ బక్కయ్య తండ్రి నాటి నుంచే చెక్కలు కొట్టి, సందుల్లో పాతచీర పేలికలు కుక్కి పెట్టారు. మొదటి జల్లెడకు నూక దిగుతుంది. రెండో జల్లెడకు అమ్మే ముగ్గు దిగుతుంది. మూడోసారి పల్చటి మల్లు గుడ్డ కట్టి పడితే దిగేది దిగగా, మిగిలింది పైకి లేస్తుంది. దిగనంటుంది. పొగలాగా, పాలమీగడలాగా అర్రంతా తేలుతూ ఉంటుంది. దానికి ఆ ఇంట్లో ఒక పేరుంది: అవ్వ ఊపిరి.

అవ్వ ఊపిరి నేల దిగేవరకు తలుపు తియ్యకూడదు. తీస్తే గాలికి పోతుంది, తెల్లవ్వ ఆకలితో ఉంటుంది. అందుకని కోడలు జల్లెడ ఒడిలో పెట్టుకుని, కదలకుండా, మాట్లాడకుండా అది దిగేదాకా కూర్చోవాలి. దిగినదాన్ని కోడిఈకతో మెల్లగా ఊడ్చి, ధనుర్మాసం మొదటి శుక్రవారం నాడు అదే అర్రలో తలుపు మూసి తెల్లవ్వ పేరున ముగ్గు పెట్టాలి. ఖరీదైన మెత్తపిండి గాలిపాలు కాకుండా వెనకటికి ఏ తెలివిగల మగవాడో పెట్టిన కట్టుబాటు అయ్యుండవచ్చు. కానీ దాన్ని చచ్చిన మనిషి పేరు మీద పెట్టాక ఇక ఎదురడిగే నోరుండదు.

తెల్లవ్వ అంటే బక్కయ్యకు నాయనమ్మ. రోట్లో పలుగురాయి దంచి ఈ పని మొదలుపెట్టింది ఆమే. ఒకనాడు అర్రలోకి వెళ్లి ఎంతకూ రాకపోతే తలుపు తోశారట. జల్లెడ ఒడిలో పెట్టుకుని కూర్చునే ఉంది. వెంట్రుకలు తెలుపు, రెప్పలు తెలుపు, తెరిచిన నోట్లో నాలుక మీద తెలుపు. ఎన్ని నీళ్లు పోసినా ఆ తెలుపు వదల్లేదనీ, తెల్లగానే సాగనంపారనీ చెప్పుకుంటారు. ఆ తర్వాత ఆమె కోడలు హనుమాయమ్మ, అంటే బక్కయ్య తల్లి. ఆయన చిన్నతనంలోనే పోయింది. ఆ తర్వాత హనుమాయమ్మ పెద్దకోడలు కిష్టమ్మ. అండాలమ్మకు జల్లెడ చేతికిచ్చింది కిష్టమ్మే. ఇస్తూ, "అర్రల నువ్వొక్కదానివే ఉన్నవనుకోకు చెల్లె" అంది. ఇంకేం చెప్పలేదు.

ఆ మాటకు అర్థం అండాలమ్మకు కొన్నేళ్లకు గానీ తెలియలేదు.

రేకుల్లో మేకు పడ్డచోట ఒక చిల్లి ఉంది. మిట్టమధ్యాహ్నం అందులోంచి ఎండ కర్రలాగా నిలువున దిగుతుంది. అవ్వ ఊపిరి ఆ ఎండలోకి వచ్చినప్పుడు మెలికలు తిరుగుతూ, చుట్టుకుంటూ, ఒక్కోసారి మనిషి ఎత్తున నిలబడుతుంది. భుజాలున్నట్టు, కొప్పున్నట్టు ఉంటుంది. అండాలమ్మ కళ్లు దించుకుంటుంది. అప్పుడు చెవులు పనిచేస్తాయి. తను ఊపిరి తీసుకుంటుంది, విడుస్తుంది. విడిచాక, ఆ వెంటనే, ఇంకొకరు విడుస్తారు. సన్నగా, పిల్లికూత లాగా, చెవి పక్కనే. తను ఊపిరి బిగబడితే అదీ బిగబడుతుంది.

ఈసారి కార్తీకం వెళ్లిపోయే రోజుల్లో, మూడో జల్లెడ పట్టాక అలాగే కూర్చుని ఉండగా, ఎండకర్రలో నిలబడ్డది తన వైపు వంగినట్టు అనిపించింది. అండాలమ్మ నోరు తెరిచింది. గాలి లోపలికి రాలేదు. తలుపు తియ్యాలన్న ఆలోచన వచ్చింది గానీ చెయ్యి లేవలేదు. జల్లెడ ఒడిలోంచి జారి దొర్లిన చప్పుడుకు, కొత్తకోడలు సాధన పరుగెత్తుకొచ్చి తలుపు తీసింది.

"అత్తమ్మా, మొకమంత గిట్ల తెల్లగయింది ఏంది" అని కొంగుతో తుడవబోయింది.

తుడిస్తే పోయింది. పోయినందుకు అండాలమ్మకు ఏడుపొచ్చింది.

బక్కయ్య చెడ్డవాడు కాదు. పెళ్లాన్ని పట్టించుకోలేదని ఎవరూ అనలేరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దవాఖానలో ఉబ్బసమని పీల్చే పంపు ఇచ్చారు. ఇంకోచోట రక్తం తక్కువుందని ఎర్రమందు ఇచ్చారు. మరోచోట టీబీ కావచ్చునని నెలల తరబడి మాత్రలు మింగించారు. మూత్రం ఎర్రగా వచ్చింది తప్ప దమ్ము తగ్గలేదు. ప్రతిచోటా డాక్టరు అడిగేవాడు, "ఈమె ఏం పని చేస్తుంది?" అని.

"ఏం పనిలేదు సార్. ఇంట్లనే ఉంటది" అనేవాడు బక్కయ్య.

అండాలమ్మ తల ఊపేది. ఆమెకూ అది అబద్ధమని తోచలేదు. పనికి పోవడమంటే గడప దాటడం. అన్నం వండడం, బోళ్లు తోమడం, జల్లెడ పట్టడం ఇవన్నీ పొద్దున లేస్తే ఉండేవేగా.

ఇన్ని మందులకూ లొంగనిది రోగం కాదని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. "సాధనకు జల్లెడ ఇచ్చేద్దాం" అన్నాడు బక్కయ్య. "మొదటి శుక్రవారం నాడే ఇద్దాం. కొత్త కోడలు చెయ్యి పడితే అవ్వ నిన్ను ఇడిసిపెడ్తదేమో."

విడిచిపెట్టి ఎవర్ని పట్టుకుంటుందో ఆయన అనలేదు. అండాలమ్మ అడగలేదు.

సాధన డిగ్రీ చదివింది. కొత్తపేటలో చీరల దుకాణంలో బిల్లింగు దగ్గర కూర్చునేది, పెళ్లికి సెలవు పెట్టింది. అత్త పడిపోయిన నాటి నుంచి ఆ పిల్ల ఒకటే పోరు. చివరికి మామ, మొగుడు ట్రాలీతో బయటికి వెళ్లిన రోజున, అత్తను మెట్రో ఎక్కించి ఎల్బీనగర్‌లో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. స్టేషన్లో లిఫ్ట్ దాకా నడవడానికే అండాలమ్మ రెండుచోట్ల స్తంభాలను కావలించుకుంది.

డాక్టరు పేరు విజయదుర్గ. మాటతీరు బట్టి ఆంధ్ర మనిషి. వెనక వైపు గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. వేళ్లు తిప్పి చూసింది. కాళ్లు నొక్కి వాపు చూసింది. కనురెప్ప దించి రక్తం చూసింది.

"ఆయాసానికి ఒక్కటే కారణం ఉండదండీ. గుండె నీరసించినా వస్తుంది, రక్తం తగ్గినా వస్తుంది, ఊపిరితిత్తులు పాడైనా వస్తుంది. వట్టి భయానికి కూడా వస్తుంది. ఒక్కోటీ తీసేసుకుంటూ పోవాలి. వెళ్లి ఫోటో తీయించుకురండి."

"భయానికి గూడ వస్తదా మేడం" అంది అండాలమ్మ.

"వస్తుంది. మీకు భయం ఉందా?"

అండాలమ్మ సాధన చెయ్యి పట్టుకుని ఫోటోకు లేచింది.

ఎక్స్‌రే వచ్చాక డాక్టరమ్మ దాన్ని దీపం పెట్టెకు తగిలించింది. అండాలమ్మ చూసి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. అది తన రొమ్ము లోపలి ఫోటో అన్నారు గానీ ఆమెకు అట్లా కనిపించలేదు. నల్లటి అర్ర. కిటికీ లేదు. పైకంటా తెల్లటి చుక్కలు, దిగకుండా తేలుతూ. ఆ చుక్కలు పై భాగంలో గుమిగూడి, ముద్దకట్టి, తల వంచి కూర్చున్న మనిషిలాగా ఉన్నాయి.

"ఆమెనే" అంది మెల్లగా.

డాక్టరమ్మ వినలేదు. "ఇలాంటి ఫోటో నేను క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లకు చూశానమ్మా. మీరెప్పుడైనా క్వారీలో చేశారా?"

"క్వారీ మొకం గూడ చూడలే."

"మరేం పని చేస్తారు?"

"ఇంట్లనే ఉంట."

"ఇంట్లో ఏం చేస్తారు?"

ఇంతవరకూ ఎవరూ అంతదూరం అడగలేదు. అండాలమ్మకు నవ్వొచ్చింది. "ఏం చేస్త మేడం, అందరు చేసేదే. అన్నం వండుత. బోళ్లు తోముత. ముగ్గు జల్లెడ పడ్త. మొన్నటిదాంక బర్రె ఉండె, దానికి..."

"ఆగండి. ముగ్గు అన్నారే, అది దేంతో చేస్తారు?"

"పలుగురాయి. మస్తు మెరుస్తది మేడం. మా అసొంటి ముగ్గు ఈ పక్కన ఎవ్వరికాడ దొరకది" అంది, కాస్త గర్వంగానే.

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. ఎన్నేళ్లుగా పడుతున్నారు, ఎక్కడ కూర్చుని పడతారు, తలుపులు తీసి ఉంటాయా అని ఒక్కొక్కటే అడిగింది. సాధన చెప్పింది, అత్త ఆగినచోట అందుకుని. అవ్వ ఊపిరి సంగతి కూడా చెప్పింది. ఇక దాచేదేం లేదనిపించి అండాలమ్మ తెల్లవ్వ కథంతా చెప్పేసింది. అత్త, యారాలు, ఇప్పుడు తను. అర్రలో వినబడే రెండో ఊపిరి.

డాక్టరమ్మ నవ్వలేదు. కసురుకోలేదు. "ఆవిడ ఆడబిడ్డల జోలికి ఎందుకు రాదమ్మా?" అని అడిగింది.

"వాళ్లు లగ్గాలు చేసుకొని పోతరు గద."

"మగాళ్ల జోలికి?"

"మగోళ్లు అర్రలకు రారు మేడం, వాళ్లు బయట..." అని అండాలమ్మ ఆగిపోయింది. ఈసారి ఆగింది దమ్ము లేక కాదు.

వెనక నిలబడ్డ సాధన అత్త భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"దీన్ని సిలికోసిస్ అంటారు" అంది డాక్టరమ్మ. "కంటికి కనబడని రాతిపొడి లోపలికి వెళ్లి కూర్చుంటుంది. దాని చుట్టూ మచ్చలు కట్టి ఊపిరితిత్తి బండబారుతుంది. పోయింది తిరిగి రాదు, నేను అబద్ధం చెప్పను. ఉన్నది నిలబెట్టుకుందాం. టీబీ తొందరగా అంటుకుంటుంది, దానికి మళ్లీ పరీక్ష చేయిస్తాను. మీరు మాత్రం ఇంకొక్క జల్లెడ కూడా పట్టకూడదు. ఆ గదిలోకి ఇంకెవర్నీ పంపకూడదు. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలనుకోకండి, ఆ పొడికి గుడ్డ ఒక లెక్క కాదు."

తిరుగు ప్రయాణంలో మెట్రోలో సాధన కిటికీ పక్కన కూర్చుంది. చైతన్యపురి దాటాక, "శుక్రవారం నాకిస్తరు గద అత్తమ్మా జల్లెడ" అంది, అద్దంలోకే చూస్తూ. అండాలమ్మ ఆ పిల్ల మెడ చూసింది. పుస్తెలతాడు పసుపు ఇంకా వదల్లేదు. దాని పైన, గొంతు గుంటలో, నరం సన్నగా కొట్టుకుంటోంది.

"ఇయ్య" అంది అండాలమ్మ.

ఇంటికొచ్చి చెప్తే బక్కయ్య ఎక్స్‌రేను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎప్పటిసంది మోస్తున్న నేను గీ పిండిని. ఒళ్లంత గదే. నాకు కాలేదేంది?"

"నువ్వు గాలిల... మోస్తవు. నేను తలుపు మూసుకొని... మింగుత."

"డాక్టర్లకు ఏదో ఒక పేరు పెట్టాలె గద. ఒగలు ఉబ్బసమన్నరు, ఒగలు టీబీ అన్నరు. గీమె రాయి అంటున్నది. రేపు ఇంకొగలు చెట్టు మొలిసిందంటరు."

"మాస్కు కొనుక్కొస్త అమ్మా, కరోనాల పెట్టుకున్నట్టు పెట్టుకుంటది సాధన" అన్నాడు క్రాంతి కుమార్. ఆ పిల్లాడికి పెళ్లాం మీద ప్రేమే. నాయిన మీద భయం అంతకంటే ఎక్కువ.

బక్కయ్య గొంతు తగ్గించాడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి అట్లా తగ్గించేసరికి మిగతావాళ్లు అర్ర వైపు చూశారు. "మా వదిన ఒక యేడు పట్టనన్నది, యాదికున్నదా? బిడ్డ కాన్పుకని పోయి అర్ర ఇడిసిపెట్టింది. గా యేడే పాయె. అవ్వకు కోపమొస్తే ఏమైతదో నాకు తెల్సు. నువ్వు డాక్టరమ్మ మాట ఇనవడితివి. నేను ఇంట్ల పీనుగ లేవకుండ చూసుకోవాలె."

ఆయన నిజంగా భయపడుతున్నాడని అండాలమ్మకు అప్పుడు తెలిసింది. భయపడే మనిషికి ఫోటోలు చూపిస్తే ఏం లాభం. ఆ ఇంట్లో చెల్లే మాట ఒక్కరిదే. డాక్టరమ్మది కాదు, తనది అంతకన్నా కాదు. గోడకు ఆనుకుని, దమ్ము తీసుకుంటూ, చాలాసేపు అర్ర తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఆ తలుపు సందులోంచి సన్నగా, తనతో పాటే ఎవరో గాలి పీల్చుకుంటున్నట్టు ఉంది.

"నీ పేరు... జర వాడుకుంట" అని దానితో అంది.

బోనాల నాడు ఒంటి మీదికి దేవత వచ్చినవాళ్లను అండాలమ్మ చిన్నప్పటి నుంచి చూసింది. జుట్టు ఎప్పుడు విప్పాలో, కళ్లు ఎక్కడ నిలపాలో, ఎవరు ఎదురుపడి ఏం అడుగుతారో ఆమెకు కొట్టినపిండి. నాలుగు రోజులు లోపల్లోపలే మాటలు కూర్చుకుంది. దమ్ముకు సరిపోయేలా చిన్న చిన్న మాటలు. జల్లెడ వద్దు. కోడలు వద్దు. అర్ర మూసెయ్యండి. చాలు.

శుక్రవారం పొద్దున అర్ర ముందు పేడనీళ్ల సాన్పు చల్లారు. వనస్థలిపురంలో బిడ్డ దగ్గర ఉంటున్న బావ వచ్చాడు, కిష్టమ్మ పెనిమిటి. డెబ్భై దాటినా నిటారుగా నడుస్తాడు. సందులోని ఆడవాళ్లు నలుగురు వచ్చారు. జల్లెడకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అర్ర మధ్య పీట మీద పెట్టారు. మిట్టమధ్యాహ్నానికి అందరూ లోపలికి వచ్చాక, ఎప్పటిలాగే తలుపు మూశారు. పీట ముందు సాధన కొంగు పట్టుకుని కూర్చుంది. ఆ పిల్లకు కూడా అండాలమ్మ ఏమీ చెప్పలేదు. మొకంలో తెలిసిపోతుందని.

"ఇయ్యి" అన్నాడు బక్కయ్య.

అండాలమ్మ జల్లెడ అందుకోలేదు. పక్కనే గిన్నెలో ఉన్న అవ్వ ఊపిరిలో రెండు అరచేతులూ ముంచి, మొకానికి పూసుకుంది. నుదురు, రెప్పలు, పెదవులు. కొప్పు ముడి విప్పింది. ఊగడం మొదలుపెట్టింది.

కేకలు వేసే దమ్ము లేదు. గుసగుసే వచ్చింది. ఆ గుసగుసకు ఒక్కసారిగా అందరూ నోళ్లు మూశారు. అరిచే దేవతను వాళ్లు చూశారు గానీ గాలి అందక గుసగుసలాడేదాన్ని ఎన్నడూ చూడలేదు.

"నా ఊపిరి... మింగిండ్రు. ముగ్గురు కోడండ్లు... మింగిండ్రు. నాది... నాకిడువుండ్రి."

"ఎవరు తల్లీ నువ్వు" అని పక్కింటామె అడిగింది, చేతులు జోడించి.

"తెల్లవ్వను."

బావ గోడకు ఒదిగాడు. బక్కయ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. "అవ్వా, ఏం తక్కువ చేసినం చెప్పు. యేడాదికోసారి ముగ్గు పెడ్తనే ఉంటిమి."

"జల్లెడ... వద్దు. ఈ పిల్ల... అర్రలకు రావద్దు. ఏ కోడలు... రావద్దు."

"సరే అవ్వా, నీ మాట కాదంటమా. గీ సీజను ఒక్కటి దాటనియ్యి. సంక్రాంతి అయినంక బందు పెడ్త."

అండాలమ్మకు లోపల కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. దేవతతో బేరమాడుతున్నాడు, కాలనీలో ఆడవాళ్లతో ఆడినట్టు. ఆ కోపంలో పెద్దగా ఊపిరి తీసింది. తియ్యకూడదని ఆ క్షణంలో గుర్తులేదు. మొకానికి పూసుకున్నదంతా ఒక్కపెట్టున లోపలికి పోయింది.

గొంతు మూసుకుపోయింది.

ఊగడం ఆగిపోయింది. ఇక నాటకం లేదు. నోరు తెరిచింది, రొమ్ము ఎగిరింది, గాలి రాలేదు. చుట్టూ మనుషులు చేతులు జోడించి చూస్తున్నారు, అవ్వ ఇంకా ఏదో చెప్పబోతోందని. రేకు చిల్లిలోంచి పడ్డ ఎండకర్ర ఆమెకు ఎదురుగా నిలబడి ఉంది. అందులో భుజాలు కనబడ్డాయి. కొప్పు కనబడింది. అది మెల్లగా దగ్గరికి వచ్చింది. ఇంత దగ్గరికి ఎన్నడూ రాలేదు. అండాలమ్మ ఈసారి కళ్లు దించుకోలేదు. అది తెల్లవ్వ కాదు. ముసలి మనిషే కాదు. తన ఈడుదే, ఇంకా చిన్నదేనేమో. నోరు తెరిచి, తనలాగే గాలి కోసం దేవులాడుకుంటోంది.

ఆ తర్వాత ఏం జరిగిందో అండాలమ్మకు సాధన చెప్పాల్సి వచ్చింది.

తనకు గుర్తున్నది ఇంతే. పెళ్లున చెక్క విరిగిన చప్పుడు. ఇంకొకటి. బక్కయ్య గడ్డపారతో కిటికీ చెక్కలు ఒక్కొక్కటే పెళ్లగిస్తున్నాడు. పాతచీర పేలికలు పీకి అవతల పడేస్తున్నాడు. ఏడుస్తున్నాడు, పసిపిల్లాడిలాగా వెక్కుతూ. కిటికీలోంచి ఎండ గదంతా దూకింది. చెరువు మీది గాలి, దాని వాసనతో సహా, లోపలికి వచ్చింది. ఎవరో తలుపు కూడా తీశారు. సాధన తడికొంగుతో ఆమె మొకం తుడిచి, చంకల కింద చేతులు వేసి, వాకిట్లోకి ఈడ్చుకుపోయింది.

ఎల్బీనగర్ దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టి ఉంచారు. డాక్టరమ్మ తిట్టవలసినంతా తిట్టింది. మొకానికి పిండి పూసుకున్నదెందుకో సాధన తనకు అర్థమైనంత చెప్పాక, తిట్టడం ఆపి, బక్కయ్య వైపు చాలాసేపు చూసింది. ఆయన తల ఎత్తలేదు.

ఇంటికి తెచ్చిన రోజున బక్కయ్య తనే జల్లెడను విరిచి, అర్రలో మిగిలిన పిండి మీద తడి బస్తాలు కప్పి, తలుపు తీసే ఉంచాడు. ఈ సీజనుకు బియ్యప్పిండి, రంగులు తెచ్చి అమ్ముతానన్నాడు. మెరవదు గదా అని క్రాంతి కుమార్ అంటే, "మెరవకుంటే మాన్లే" అన్నాడు. సాధన కొత్తపేట దుకాణానికి మళ్లీ పోవడం మొదలుపెట్టింది.

పోబోతూ ఒకనాడు చెప్పులు వేసుకుంటూ ఆగింది. "అత్తమ్మా, ఒక్క మాట అడుగుత. గా దినం చివరికి మీరు చాన మంచిగ చేసిండ్రు. అవ్వ వచ్చిందనుకొని నేను గూడ భయపడ్డ. గనీ చిన్నోడంటే ఎవరు?"

"ఏ చిన్నోడు?"

"'గాలి ఆడ్తలేదు, కిటికి తియ్యి చిన్నోడా' అన్నరు గద. గొంతు గూడ మార్చిండ్రు. గది ఇన్నంకనే మామయ్య గడ్డపారకు ఉరికిండు."

అండాలమ్మ ఆ పిల్ల మొకంలోకి చూసింది. తను కూర్చుకున్న మాటల్లో కిటికీ లేదు. చిన్నోడు అసలే లేడు. అప్పుడు తన గొంతులో మాట పట్టేంత సందు కూడా లేదు.

సాయంత్రం బక్కయ్య ట్రాలీ ఆపి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగింది. "నిన్ను చిన్నోడా అని... ఎవరు పిలుస్తుండె?"

చెంబులోని నీళ్లు అయిపోయినా ఆయన చెంబు వంచే ఉంచాడు.

"మా అమ్మ" అన్నాడు. "ఆఖరుకు అడిగింది గూడ గదే."

చెంబు కింద పెట్టి, అర్ర కిటికీ దిక్కు తిరిగాడు.

ఇప్పుడు మధ్యాహ్నాలు అండాలమ్మ మంచం అర్ర కిటికీ ఎదుట, వాకిట్లో చింతచెట్టు నీడలో వేస్తారు. ఆరోగ్యం బాగుపడిందని చెప్పడానికి లేదు. నడక గేటు దాకా. మాట నాలుగు ముక్కలుగా. డాక్టరమ్మ అన్నట్టు, పోయింది పోయింది. లోపల అర్రలో ఎండ విశాలంగా పరుచుకుని ఉంటుంది గనుక ఎండకర్ర కనబడదు. అందులో ఎవరూ నిలబడరు.

ఊపిరి మాత్రం వినబడుతుంది. ఆమె తీసుకుంటుంది, విడుస్తుంది. విడిచాక, పక్కనే, సన్నగా, ఇంకొకరు విడుస్తారు. రోగమున్న రొమ్ములో అట్లాంటి కూత వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అది కూడా నిజమే అయ్యుండాలి. అయినా ఆ ఊపిరి ఇదివరకటిలాగా గాలి కోసం దేవులాడడం లేదు. చాలా కాలం తర్వాత బయటికి వచ్చి కూర్చున్న మనిషిలాగా, నింపాదిగా, కడుపునిండా తీసుకుంటోంది.

అండాలమ్మ మంచం మీద కొద్దిగా జరిగి, పక్కన చోటు చేసింది.